మాళిగవ్వ కుట్టే బట్టలు

అక్టోబరు వస్తే చాలు, జోవెట్ వంటింట్లో కాలు పెట్టడానికి చోటుండదు. బల్ల నిండా ఎర్రటి మేపుల్ ఆకులు, ఆకుల మీద కరిగించిన తేనెమైనం, ఆ మైనంలో రెండేళ్ల కొడుకు ఓరెన్ చెయ్యి. ఆ చెయ్యి అక్కణ్ణుంచి ఎవరి జుట్టు మీదికి వెళుతుందో దేవుడికే ఎరుక. ఆకుల పని అయ్యేసరికి నవంబరు లాంతర్లు, లాంతర్లు చల్లారకముందే ఉన్నిగొర్రెపిల్లలు, ఫిబ్రవరిలో కొవ్వొత్తులు ముంచడం, మార్చిలో రసం పట్టడానికి మేపుల్ చెట్లకి బొక్కెనలు తగిలించడం, ఈస్టరుకి ఉల్లిపొట్టుతో గుడ్లకి రంగెయ్యడం. ప్రతి పనికీ ఒక కథ, ప్రతి కథకీ ఒక పాట. వచ్చిపోయేవాళ్లు చూసి ముచ్చటపడిపోయేవారు. "ఎంత బాగుంది జోవెట్ మీ ఇల్లు! ఏడాది పొడుగునా పండగే" అనేవారు. పండగ సంగతి, చేసిపెట్టేవాళ్లనడిగితే చెబుతారు. తినిపోయేవాళ్లకేం తెలుస్తుంది?

పిల్లకి ఇంట్లోనే చెప్పే ఈ చదువు ఆమె కోరి నెత్తికెత్తుకున్నది కాదు. అమెరికాలో వెర్మాంట్ కొండల్లో పాడి ఇంట పుట్టింది. ఆమెకి పదహారేళ్లప్పుడు వాళ్ల నాన్న ఆవులన్నిటినీ అమ్మేశాడు. పెద్దయ్యాక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకి నీళ్లు పోసి, దుప్పట్లు మార్చే పనిలో కుదిరింది. పెళ్లయింది, టాన్సీ పుట్టింది. పిల్లకి బడి వయసు వచ్చేనాటికి ఊళ్లో ఉన్న ఒక్క బడీ మూతపడింది. పక్క ఊరి బడికి బస్సు వెళ్లేది కొండ అంచు మీది రోడ్డున, అదీ గాజుపలకలా గడ్డకట్టిన మంచు మీద. ఆ రోడ్డు ఎలాంటిదో జోవెట్‌కి బాగా తెలుసు. ఆమె మొగుడు రాయ్డన్ చలికాలమంతా దాని మీద మంచు తోసే ట్రక్కు నడుపుతాడు మరి. అలా పిల్ల చదువు ఇంట్లోనే అయింది.

ఎలా చెప్పాలో తెలియక, తనలాగే పిల్లలకి ఇంట్లో చదువు చెబుతూ బుధవారాలు కలుసుకునే తల్లుల గుంపులో చేరింది. వాళ్ల ఇళ్లలో అన్నీ చెక్కబొమ్మలూ ఉన్నిబొమ్మలే. ప్లాస్టిక్ బొమ్మ కంటబడితే పాముని చూసినట్టు ఉలిక్కిపడేవారు. జోవెట్ వాళ్లని చూసి చాటుగా నవ్వుకునేది గాని, వాళ్లు చెప్పిన పద్ధతి మాత్రం ఆమెకి నచ్చింది. రుతువుని బట్టి కథ, కథని బట్టి చేతిపని, చేతిపనిలోంచి లెక్కలూ అక్షరాలూ. గుంపులోని పెద్దావిడ ఒక నియమం పెట్టింది. "కథ చెప్పు, ఊరుకో. విప్పి చెప్పకు. పిల్ల ఏదైనా అడిగితే కథలో ఉన్నదే మళ్లీ చెప్పు. విత్తనం వేశాక మొలకొచ్చిందా లేదా అని తవ్వి చూస్తామా?" జోవెట్ ఈ మాటని కొంగున ముడేసుకుంది. అసలే తీరిక లేని మనిషి. విప్పి చెప్పక్కర్లేదంటే ఆ మేరకి కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు కదా.

మాళిగవ్వ పుట్టింది టాన్సీకి మూడేళ్లప్పుడు. ఆ ఇంటి కింద రాళ్లతో కట్టిన నేలమాళిగ ఉంది. చలికాలానికి దుంపలూ క్యారెట్లూ క్యాబేజీలూ అన్నీ అందులోనే. మెట్లు దిగాలంటే టాన్సీకి గుండె జారిపోయేది. జోవెట్‌కేమో పిల్లని ఒంటరిగా పైన వదిలి రావడానికి వీల్లేదు, కిందికి దిగకపోతే కూర లేదు. ఒకరోజు ఏడుస్తున్న పిల్లని చంకనేసుకుని మెట్లు దిగుతూ అప్పటికప్పుడు అల్లేసింది. కింద ఒక అవ్వ ఉంటుందనీ, చలికాలం నేలలో బతకలేని దుంపపిల్లల్ని ఆ అవ్వ తన దగ్గర పడుకోబెట్టుకుంటుందనీ, వాళ్లు నిద్రపోతుంటే కూర్చుని కొత్తబట్టలు కుడుతుందనీ, మే నెలలో నేల మెత్తబడగానే వాళ్లు ఆ బట్టలు తొడుక్కుని పైకి వస్తారనీ. టాన్సీ ఏడుపు ఆపి, చీకట్లోకి చూసి, "అవ్వా, నమస్కారం" అంది. అంతటితో భయం పోయింది.

ఆ కథకి మెరుగులు దిద్దింది మాత్రం జోవెట్ వాళ్ల నాన్న అర్మాండ్. ఆయన్ని పిల్లలు పెపే అంటారు. ఆ కొండల్లో, కెనడా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో తాతలందరూ పెపేలే. ఆవులు పోయాక ఆ ముసలాయన డేలియా పూలు పట్టుకున్నాడు. "వీటికి పాలు పితకక్కర్లేదు, పేడ ఎత్తక్కర్లేదు, తెల్లారగట్ల లేచి పలకరించకపోతే అలగవు" అనేవాడు. డేలియా దుంపలు ఆ చలికి నేలలోనే ఉంటే బతకవు. అక్టోబరులో తవ్వి తీసి, రంపపు పొట్టులో పెట్టి దాచి, మళ్లీ మేలో నాటాలి. పెపే ఇంటికి మాళిగ లేదు. అందుకని ఏటా డబ్బాలన్నీ కూతురి మాళిగకే చేరేవి.

ఆ అక్టోబరులోనూ డబ్బాలు మోసుకొచ్చాడు. మెట్ల మీద నిలబడి కిందికి వంగి అరిచాడు.

"ఏయ్ ముసలమ్మా! నా ఎర్రదానికి పోయినేడు కుట్టిన గౌను బిగుతైపోయింది. ఈసారి కాస్త వదులుగా కుట్టు. అదీ నాలాగే పొట్ట పెంచింది."

టాన్సీ చెవి రిక్కించి విన్నది. "అవ్వ పలకదేం పెపే?"

"నోట్లో గుండుసూదులు పెట్టుకుంది కదే, ఎలా పలుకుతుంది?"

"అన్నీ పువ్వులకేనా కుట్టేది? నీకేం కుట్టదా?"

పెపే తన బట్టతల నిమురుకున్నాడు. "అదే కదా నా బాధ! డిసెంబరొస్తే ఈ గుమ్మడికాయ గడ్డకట్టుకుపోతుంది. ఒక్క టోపీ అల్లమని ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నా. నా మొర వినేదెవరు?"

"నీ నోటికి తాళం వేస్తే అవ్వే అల్లుతుందిలే నాన్నా" అంది జోవెట్, ఓరెన్ నోట్లోంచి రంపపు పొట్టు తీస్తూ. "ఈ పిల్ల బుర్ర నింపడానికి నేనొక్కదాన్ని చాలనా?"

"నువ్వు నింపు, నేను పైన మూత పెడతా" అన్నాడు ముసలాయన.

డిసెంబరు రెండో వారంలో ఆయన తన ఇంటి మెట్ల మీది మంచు పారతో తీస్తూ తీస్తూ, అలుపొచ్చినట్టు మెట్టు మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. ఉత్తరాలు పంచే అమ్మాయి చూసేసరికి పార ఒళ్లోనే ఉంది.

ఆ వారమంతా జోవెట్ నిలబడే నిద్రపోయింది. ఓరెన్‌కి జ్వరం. వచ్చే చుట్టాలు, పోయే చుట్టాలు, వాళ్లందరికీ కాఫీలు. చర్చిలో ప్రార్థన అయ్యాక పెట్టెను సమాధుల తోటకి తీసుకెళ్లారు. కానీ అక్కడ గొయ్యి లేదు. ఆ కొండల్లో డిసెంబరులో నేల గునపానికి కూడా లొంగదు. చలికాలంలో పోయినవాళ్లని సమాధుల తోట అంచున, కొండని తొలిచి కట్టిన రాతిగదిలో ఉంచుతారు. మేలో నేల కరిగాక ఖననం చేస్తారు. ముత్తాతల కాలం నుంచీ అంతే. జోవెట్ అమ్మమ్మ కూడా ఆ గదిలో ఒక చలికాలం గడిపింది. అందుకే ఆ ఇనప తలుపు మూస్తున్నప్పుడు, అది పిల్లకి ఎలా కనబడుతుందోనన్న ఆలోచన ఆమెకి రాలేదు.

కారులో తిరిగి వస్తున్నారు. రాయ్డన్ నడుపుతున్నాడు. జోవెట్ చల్లటి అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకుంది. వెనక సీట్లోంచి టాన్సీ అడిగింది.

"అమ్మా, పెపేని రాతి మాళిగలో పెట్టారు కదా?"

"ఊఁ."

"నేల మెత్తబడ్డాక మేలో నేలలో పెడతారా?"

"ఊఁ."

"మరి అక్కడ కూడా మాళిగవ్వ ఉంటుందా?"

జోవెట్ కళ్లు తెరిచింది. కాదని చెప్పాలంటే ఎన్ని చెప్పాలో ఒక్కసారిగా కళ్ల ముందు కొండలా కనిపించింది. కథని విప్పకూడదన్న నియమం ఒకటి ఉండనే ఉంది. అది ఆ నిమిషంలో పరుపులా అమరింది.

"ఉంటుంది" అంది.

రాయ్డన్ ఆమె వైపు ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు చూసుకున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నిజానికి జోవెట్ నోరు జారలేదు కూడా. నిద్ర ముంచుకొస్తున్న మనిషి పక్కకి ఒరిగినట్టు ఒరిగింది, అంతే. లోకంలో సగం అబద్ధాలు అలాంటివే అని నా అనుమానం.

క్రిస్మస్ వెళ్లాక టాన్సీ అల్లిక నేర్పమంది. అంతకుముందు బతిమాలినా సూదులు ముట్టుకోని పిల్ల, ఇప్పుడు పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంది. బూడిదరంగు ముతక ఉన్ని తనే ఎంచుకుంది. మొదటి వారం అల్లిందంతా ఊడిపోయింది. రెండో వారం అల్లింది చేపలవలలా వచ్చింది. పళ్లు బిగించి విప్పేది, మళ్లీ మొదలుపెట్టేది. వేలి చివర ఎర్రబడి కందిపోతే వెన్న రాసుకుని మళ్లీ పట్టేది. కుట్లు లెక్కపెట్టుకుంటూనే కూడికలు వచ్చేశాయి.

"ఎవరికే ఇది?" అని అడిగింది జోవెట్.

"పెపేకి."

జోవెట్ ఇంకేమీ అడగలేదు. జ్ఞాపకంగా అల్లుకుంటోంది కాబోలు అనుకుంది. బుధవారం గుంపులో చెబితే పెద్దావిడ కళ్లు తుడుచుకుని, "చూశావా, దుఃఖాన్ని చేతులు ఎలా పనిగా మార్చుకుంటున్నాయో!" అంది. జోవెట్‌కి గర్వంగా అనిపించింది. ఇన్నాళ్ల చాకిరీకి ఫలితం కనబడుతోందనుకుంది. తను మాత్రం ఇంకా ఏడవలేదు. ఏడవాలన్నా కాస్త తీరిక ఉండాలి కదా. పొద్దున్న కథ, ఆ తర్వాత మైనం, మధ్యలో సూపు, ఓరెన్ గుడ్డలు, సాయంత్రానికి మర్నాటి కథ. పడుకుందామని మంచం మీద కూర్చుంటే కూర్చున్నట్టే నిద్ర పట్టేసేది.

మార్చిలో మేపుల్ రసం కాచే రోజున క్లోడెట్ వచ్చింది. జోవెట్‌కి అక్క, పక్క ఊరి బడిలో నాలుగో తరగతికి టీచరు. చెల్లెలి చదువు పద్ధతి ఆమెకి మొదటి నుంచీ గిట్టదు. రాగానే మూకుడులోకి తొంగి చూసి, "ఇవాళ పాఠం పాకమా? పరీక్షకి నాకి చూడాలి కాబోలు" అంది.

"నువ్వు మాత్రం నాకకుండా వెళ్తావా అక్కా?" అంది జోవెట్.

టాన్సీ వచ్చి, తను అల్లుతున్న టోపీని పెద్దమ్మ తల మీద పెట్టి చూసింది. "పెద్దమ్మా, పెపే తల నీ తల కంటే ఎంత పెద్దది?"

"కొలవలేదే తల్లీ. ఎందుకూ?"

"మేలో పైకి వచ్చేటప్పటికి సరిపోవాలి కదా. అవ్వ నోట్లో గుండుసూదులుంటాయి, ఆవిడకి కుదరదు. అందుకే నేను అల్లేస్తున్నా. అన్నట్టు అమ్మా, పెపేని పెట్టేటప్పుడు తల పైకి ఉండేలా పెట్టమని వాళ్లకి చెప్పాలి. డేలియా దుంపకి మొలకొచ్చే కన్ను పైకే ఉండాలి. తలకిందులుగా పెడితే రాదు."

పాకం కలుపుతున్న జోవెట్ చెయ్యి ఆగిపోయింది. పాకం పొంగి పొయ్యి మీద పడి మాడు వాసన కొట్టేదాకా ఇద్దరూ కదల్లేదు. క్లోడెట్టే ముందు తేరుకుని, "టాన్సీ, తమ్ముడు బయట ఏం తింటున్నాడో చూడవే" అని పంపేసి, తలుపు మూసింది.

"ఏం చెప్పావు జోవీ దానికి?"

"నేనేం చెప్పలేదు. అదే అడిగింది, ఔనన్నాను."

"ఔనన్నావా! నాన్న దుంపలా మొలకెత్తుతాడని ఔనన్నావా? రేపు మేలో పెట్టె దించి మట్టి పోస్తుంటే ఆ పిల్ల నీళ్ల డబ్బా పట్టుకుని నిలబడుతుంది. మర్నాటి నుంచీ రోజూ వెళ్లి చూస్తుంది. అప్పుడేం చెబుతావు? అవ్వకి దారం అయిపోయిందనా?"

"అరవకు అక్కా. నాకు తల తిరుగుతోంది."

"నీకెప్పుడూ తల తిరుగుతూనే ఉంటుంది. చెట్టుకీ పుట్టకీ కథ కట్టావు. ఒక్క చావుకి నిజం చెప్పడానికి నోరు రాలేదా? నాకూ ఆయన నాన్నే. ఆయన పోయాడని చెప్పడానికి సిగ్గెందుకు? నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెబుతా" అంది జోవెట్. "ఖననం లోపు చెబుతా. నువ్వు కల్పించుకోకు."

చెబుతానన్న మాట చెప్పినంత తేలిక కాలేదు. మంచు కరిగి దారులన్నీ మోకాలి లోతు బురదైన ఆ ఏప్రిల్ అంతా, జోవెట్ అంట్లు తోముతూ కథలు కట్టింది. దక్షిణానికి వెళ్లిన బాతు కథ కట్టింది. చివర్లో అది తిరిగి వచ్చేసింది. సముద్రంలో కలిసిన వాగు కథ కట్టింది. అది మబ్బై మళ్లీ ఆ కొండ మీదే కురిసింది. ఎటు నుంచి మొదలుపెట్టినా చివరికి వసంతం వచ్చి కూర్చునేది. అన్నేళ్లుగా చెబుతున్న మనిషి సంచిలో వసంతం లేని కథ ఒక్కటీ లేదు. ఏ కథా దొరక్క, వట్టి మాట నోటికి రాక, అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది.

ఒకరోజు మొగుణ్ణి అడిగింది. "పోనీ నువ్వు చెప్పకూడదూ?"

రాయ్డన్ బూట్ల బురద గీకుతూ ఆలోచించాడు. ఆ మనిషికి మాటలు కొలిచి వాడటం అలవాటు. "చెప్పగలను. కానీ నేను చెబితే దానికి అది వార్త. నువ్వు ఇచ్చిన మాట నువ్వే వెనక్కి తీసుకోవాలి జోవెట్."

"అది నన్ను మళ్లీ నమ్మకపోతే?"

"చెప్పకపోతే నమ్ముతుందా?"

మే వచ్చింది. ఖననం శనివారం. శుక్రవారం పొద్దున్నే టాన్సీ మాళిగ తలుపు దగ్గర నిలబడింది. టోపీ పూర్తయింది. నడినెత్తిన ముడి కూడా పడింది. "డేలియాలని ఇవాళే పైకి తేవాలమ్మా. పెపే వచ్చేసరికి అవి లేకపోతే వెతుక్కుంటాడు."

ఇద్దరూ దిగారు. జోవెట్ దీపం వేసింది. చివరి మెట్టు దాటకముందే వాసన తగిలింది. మంచు కరిగిన నీళ్లు గోడలోంచి ఊరి, అడుగు డబ్బాలోకి దిగాయి. ఆ డబ్బా మీద పెపే ఎర్ర సుద్దతో గీసిన పువ్వు ఉంది. జోవెట్ పొట్టులో చెయ్యి పెట్టింది. పెపే ఎర్రదాని దుంపలు వేళ్ల మధ్య నల్లటి గుజ్జై జారిపోయాయి.

టాన్సీ ఊపిరి బిగబట్టి చూసింది. "అవ్వ చూసుకోలేదా?"

పక్క డబ్బాలో ఇంకో ఎర్ర రకం ఉంది. దుంపలన్నీ ఒకేలా ఉంటాయి, మార్చేస్తే పిల్లకి తెలియదు. ఇదేం కొత్త కాదు. గాజుసీసాలో గొంగళిపురుగు చచ్చిపోయినప్పుడు తోటంతా గాలించి ఇంకోటి తెచ్చి పెట్టింది. కోడిపిల్ల చచ్చిపోయినప్పుడు పక్కింటి నుంచి తెచ్చింది. చెయ్యి దానంతటదే పక్క డబ్బాలోకి వెళ్లింది. మంచి దుంప గట్టిగా, పొడిగా చేతికి తగిలింది. ఒళ్లంతా సీసం పోసినట్టు బరువెక్కింది. ఇంకొక్క అబద్ధం మొయ్యడానికి తన దగ్గర ఓపిక లేదనిపించింది. దుంప వదిలేసి, వెళ్లి మెట్టు మీద కూర్చుంది.

"టాన్సీ, ఇలా రా. మాళిగవ్వ లేదు."

"బయటికెళ్లిందా?"

"లేదమ్మా. ఎప్పుడూ లేదు. నీకు చీకటంటే భయం వేస్తుంటే నేను కల్పించాను. ఈ దుంపల్ని చూసుకున్నది పెపే. చలికాలంలో వీలు దొరికినప్పుడల్లా వచ్చేవాడు కదూ, నీకు బిస్కట్లు తెచ్చేవాడు. అప్పుడు కిందికి దిగి పొట్టు తడిపేవాడు, కుళ్లు పట్టింది కోసేసేవాడు, డబ్బాలు ఎత్తి పెట్టేవాడు. ఈసారి ఆయన లేడు. నేను డబ్బాలు తెరిచి చూడలేదు. అందుకే కుళ్లిపోయింది."

టాన్సీ డబ్బా వంక చూసింది.

"పెపే చనిపోయాడు. రేపు నేలలో పెడతారు. మళ్లీ రాడు. ఈ మేలో రాడు, ఇంకే మేలోనూ రాడు."

"మరి ఆ రోజు కారులో అడిగితే అవ్వ ఉంటుందన్నావుగా."

"అన్నాను."

"ఎందుకన్నావు?"

చెప్పుకోవడానికి నియమం ఉంది, చిన్నపిల్లవనే సాకు ఉంది. జోవెట్ రెండూ పక్కన పెట్టింది. "అలిసిపోయానమ్మా" అంది.

టాన్సీ ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అనుకుంది జోవెట్. పిల్ల రెండూ చెయ్యలేదు. "నేనూ అలిసిపోయాను" అంది. "ఎన్నిసార్లు ఊడిపోయిందో నీకు తెలుసు. అయినా అల్లాను."

ఆ మాట అనేసి, ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్లిపోయింది. మాళిగలో తల్లి ఒక్కతే కూర్చుంది.

ఆ రోజు టాన్సీ తల్లితో మాట్లాడలేదు. అన్నం బల్ల దగ్గర తండ్రిని ఉప్పు అడిగింది, తమ్ముడి మూతి తుడిచింది. జోవెట్ సాయంత్రం కథ చెప్పబోతే గోడ వైపు తిరిగి పడుకుంది.

శనివారం గాలి కోస్తోంది. సమాధుల తోటలో గడ్డి ఇంకా పచ్చబడలేదు, కాళ్ల కింద బురద పిచుక్ పిచుక్ మంటోంది. ఈసారి గొయ్యి తయారుగా ఉంది. ఫాదరు ప్రార్థన క్లుప్తంగా చదివాడు. టాన్సీ టోపీ చేత్తో పట్టుకుని ముందు వరసలో నిలబడింది. క్లోడెట్ ఒక కన్ను పిల్ల మీదే ఉంచింది, ఇంకో కన్ను చెల్లెలి మీద. పెట్టెను తాళ్లతో దించారు. ఒక్కొక్కరూ వెళ్లి పిడికెడు మట్టి వేశారు. టాన్సీ కూడా వేసింది. మట్టి చెక్క మీద పడిన చప్పుడు విని, వంగి లోపలికి చూసింది. తల ఎటు ఉందో అడగలేదు.

క్లోడెట్ మెల్లగా అడిగింది. "టోపీ కూడా వేస్తావా తల్లీ?"

"ఎందుకు పెద్దమ్మా? పాడైపోతుంది." పిల్ల గొంతు మామూలుగానే ఉంది. "పెపేకి చలెయ్యదుగా."

క్లోడెట్ రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది.

జనం కదులుతున్నారు. జోవెట్ ఓరెన్‌ని చంకనేసుకుని గొయ్యి పక్కనే నిలబడి ఉంది. నెత్తి మీద ఏమీ లేదు, గాలికి జుట్టు ముఖాన కొడుతోంది, చెవులు ఎర్రబడిపోయాయి. టాన్సీ వచ్చి ఎదురుగా నిలబడింది. నిన్న పొద్దుటి తర్వాత అదే మొదటి మాట.

"వంగు."

జోవెట్ వంగింది. పిల్ల రెండు చేతులతో టోపీ తొడిగింది. పెపే తలకని అల్లింది కదా, జోవెట్‌కి బాగా పెద్దదైంది. కళ్లు దాటి ముక్కు దాకా జారింది. లోపల చీకటి. ముతక ఉన్ని వాసన, పొయ్యి పొగ వాసన, పిల్ల వేళ్లకి రాసుకున్న వెన్న వాసన. డిసెంబరు నుంచీ లేని తీరిక ఆమెకి ఆ చీకట్లో దొరికింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చంకలో ఉన్న ఓరెన్, అమ్మ దోబూచులాడుతోందనుకుని కిలకిలా నవ్వి టోపీ అంచు పైకి లాగబోయాడు. టాన్సీ వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనీరా" అంది.

ఇంటికి వెళ్లే దారిలో రాయ్డన్ బురదలో గుంతలు తప్పిస్తూ నెమ్మదిగా నడుపుతున్నాడు. టోపీని నుదుటి దాకా ఎత్తుకుని కూర్చుంది జోవెట్. వెనక సీట్లోంచి గొంతు వినబడింది.

"అమ్మా, పెపే ఎలా చచ్చిపోయాడు? కథ వద్దు."

జోవెట్ చెప్పింది. రాత్రంతా మంచు పడిందని చెప్పింది. పొద్దున్నే పార తీసుకుని మెట్లు శుభ్రం చేశాడని చెప్పింది. గుండె ఆగిపోయే ముందు అలుపొచ్చి కూర్చుని ఉంటాడని చెప్పింది. ఉత్తరాలు పంచే అమ్మాయి చూసిందని చెప్పింది.

"తర్వాత?"

"తర్వాత ఏమీ లేదమ్మా. అంతే."

"పక్కన ఎవరూ లేరా?"

"లేరు."

"నెత్తి మీద టోపీ ఉందా?"

"లేదు."

"మెట్టు మీద చలేసిందా?"

రాయ్డన్ జోవెట్ వైపు చూశాడు. డిసెంబరులో చూసినట్టే.

"వేసే ఉంటుంది" అంది జోవెట్.